వనజ టీచర్ మెచ్చుకుంటే

బాన్సువాడలో వనజ టీచర్ ఏదైనా వస్తువును చూసి "బాగుంది" అన్నదంటే, ఇక ఆ వస్తువు మీద ఆశ వదులుకోవచ్చు. ఈ మాట కోపంతో అనడం లేదు, అనుభవంతో అంటున్నాను. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఆమె నా ఆఫీసు గదిలో కూర్చుని, తలెత్తి ఫ్యాను వైపు చూసి, "మీ ఫ్యాను చప్పుడే చేస్తలేదు సార్, ఎంత సల్లగ తిరుగుతుంది" అన్నది. నేనొక వెర్రివాణ్ణి, నా ఫ్యానును మెచ్చుకున్నందుకు మురిసిపోయి ఇంకో చాయ్ తెప్పించాను. పది రోజులు తిరక్కుండానే ఆ ఫ్యాను ఆమె గదిలో తిరుగుతోంది, నేను పాత పరీక్ష అట్టతో విసురుకుంటున్నాను.

అడిగిందా అంటే అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదని పెద్దలన్నారు గాని, ఆ పెద్దలు వనజను చూడలేదు. ఆమె ఎవరి దగ్గరా నోరు తెరిచి నాకిది కావాలి అనదు. వస్తుంది, కూర్చుంటుంది, చాయ్ తాగుతుంది, ఇంట్లో అందరి మంచిచెడ్డలు అడుగుతుంది, వెళ్లబోతూ గుమ్మంలో ఆగి ఒక వస్తువును మెచ్చుకుంటుంది. అంతే. ఆ రోజు నుంచి అది మన కంట్లో నలుసైపోతుంది. చూసినప్పుడల్లా ఆమె గదిలోని పిల్లలు గుర్తొస్తారు. చివరికి మనమే ఆటో మాట్లాడి, కిరాయి కూడా మనమే ఇచ్చి, దాన్ని సాగనంపుతాం.

నేను ఇక్కడి ప్రాథమికోన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. లెక్కలు చెబుతాను. కోపం కొంచెం ఎక్కువని పిల్లలంటారు, చాలా ఎక్కువని మా ఆవిడ అంటుంది. మా ఆవరణలో నీళ్ల ట్యాంకు పక్కన ఒక మూల గది ఉంది. అది ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం. నడవలేనివాళ్లు, మాట రానివాళ్లు, చెప్పింది ఆలస్యంగా అందుకునేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికి వస్తారు. బోర్డు మీద పేరు మరీ పొడుగ్గా ఉండడం వల్ల ఊరంతా దాన్ని వనజ టీచర్ గది అంటుంది.

వనజ ఈ ఊరి పిల్లే. తల్లి బీడీలు చుట్టి చదివించింది. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే శిక్షణ హైదరాబాదులో పూర్తిచేసుకుని తిరిగొచ్చినప్పుడు, వాళ్ల వాడకట్టులో కిరాణా కొట్టు నడిపే ఒక పెద్దాయన, "సదువు రాని పిల్లలకు ఏం సదువు చెప్తవు బిడ్డా?" అని అడిగాడట. "మీకు రాలేదా పెద్దనాయినా, వాళ్లకూ వస్తది తియ్యి" అన్నదట ఆమె. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు గాని, ఆయన కొట్టులోని పాత తక్కెడ మాత్రం ఇప్పుడు మూల గదిలో ఉంది. అది ఎంత బాగుందో ఆ రోజే చెప్పి ఉంటుంది.

ఆ గదిలో ఒక్క వస్తువూ కొన్నది కాదు. నిలబడే తీరు పిల్లలు తామే చూసుకోవడానికి నిలువెత్తు అద్దం కావాలి. సెలూన్ యోగేష్ కొత్త అద్దం పెట్టించుకునేదాకా ఆమె పాతదాన్ని మెచ్చుకుంటూనే ఉంది. పట్టుకుని నడవడానికి రెండు వైపులా బిగించిన ఇనుప గొట్టాలు బోర్లు వేసే ఏజెంటువి. ఊయలకు కట్టిన టైరు మద్నూర్ హైవే మీద లారీలు బాగుచేసే మెకానిక్‌ది. అతను మరాఠీలో గట్టిగా ఏదో అన్నాడట. తనకు మరాఠీ అంతగా రాదు గనుక సరేనన్నాడనే అనుకున్నానని ఆమె చెబుతుంది. సర్కారు నుంచి సామాను రాదా అంటే వస్తుంది. వచ్చేలోపు పిల్లలు పెద్దవాళ్లయిపోతారని ఆమె భయం.

ఇక వడ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా వాటి మీదే నడిచింది.

పెద్ద కొడప్‌గల్ వైపు ఊరి నుంచి గంగమణి అనే ముసలమ్మ తన మనవణ్ణి తీసుకొచ్చేది. వాడి పేరు బిట్టు, ఏడేళ్లు. పుట్టుకతోనే కాళ్ల కండరాలు బిగుసుకుపోయిన పిల్లవాడు. తల్లిదండ్రులిద్దరూ పొలంలో ఉంటారు కాబట్టి మోసే పని నాయనమ్మది. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు నిజమే, అలాగే సీటూ లేదు. పిల్లవాణ్ణి చంకనెత్తుకుని, ఒంటి చేత్తో పైకడ్డీ పట్టుకుని, వారం వారం గురువారం దిగేది. గురువారం ఎందుకంటే, కండరాలకు కసరత్తు చేయించే సౌజన్య అనే ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఆ ఒక్కరోజే బాన్సువాడ వస్తుంది.

గంగమణికి పెద్ద కోరికలేమీ లేవు. "మావోని పేరు ఊర్ల బడిల ఉన్నది టీచరమ్మా, ఆడు మాత్రం లేడు. సంచి ఏసుకొని నడుసుకుంట బడికి పోతే సాలు, ఇంకేమొద్దు నాకు" అనేది. అది పెద్ద కోరిక కాదని ఆమె నిజంగానే అనుకునేది.

కానీ బిట్టు నడవనంటే నడవనన్నాడు. గదిలో నున్నటి టైల్స్ ఉన్నాయి. వాటి మీద కాలు పెడితే జారుతుందని భయం. ఒకసారి జారి గడ్డానికి దెబ్బ తగిలింది కూడా. గొట్టాలు పట్టుకుని నిలబెడితే చాలు, గది పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. గోడ అవతల ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్న నాకు ఎక్కడ ఆపానో గుర్తుండేది కాదు. ఈ తంతు కొన్నాళ్లు చూసి, వనజ ఒక మధ్యాహ్నం రైస్ మిల్లుకు వెళ్లి వడ్ల రంగు బాగుందని మెచ్చుకుంది. మర్నాడు రెండు బస్తాల వడ్లు ఆటోలో వచ్చాయి. గొట్టాల మధ్య చెక్కలతో తొట్టిలాగా కట్టించి అందులో పోయించింది.

"ఏంది టీచరమ్మా, గదిల ఎవుసం మొదలువెట్టినవా? ఎకరానికి ఎన్ని బస్తాలైతయి?" అని నేను ఎగతాళి చేశాను.

"మీ బడి పాస్ పర్సెంటేజీ కన్న ఎక్కువనే అయితయి సార్" అన్నది.

వడ్లలో కాలు పెడితే కాస్త దిగబడుతుంది, జారదు. పడ్డా దెబ్బ తగలదు. బిట్టు మొదటిరోజు అనుమానంగా నిలబడ్డాడు. రెండో వారం గొట్టాలు పట్టుకుని పాదాలు ఈడ్చాడు. వాడు పాదం ఎత్తలేడు, ఈడుస్తాడు. దాంతో వడ్లలో వాడి వెనక రెండు చాళ్లు పడేవి. వాడు ఆ చాళ్లను వెనక్కి తిరిగి చూసుకుని నవ్వేవాడు. ఆయా సమ్మవ్వ మాత్రం నవ్వేది కాదు. ప్రతిసారీ వంగి ఆ వడ్లను చదును చేయాల్సింది ఆమె మరి. "ఈ పోరడు నడిసేలోపట నా నడుము పోతది" అని గొణిగేది. సంక్రాంతి సెలవులు దాటాక సౌజన్య ఒకరోజు వాడి మోకాళ్లు వంచి చూసి, "ఇంకో ఆరు నెలలు ఒక్క వారం కూడ ఆపకుంట చేస్తే పట్టుకోకుండ నడుస్తడు మేడం. మధ్యల ఆపితే మాత్రం మళ్లీ బిగుసుకుపోతయి" అన్నది. గంగమణి ఆ మాట విని అక్కడే కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది.

సరిగ్గా అప్పుడే లెక్కల పురుగు కుట్టింది. నన్ను కాదు, పైవాళ్లను.

బడికి సర్కారు ఇచ్చే డబ్బును పిల్లల తలలతో భాగిస్తే ఒక్కో తలకు ఇంత అని వస్తుంది. మా బడిలో తలలు ఎక్కువ, సుద్దముక్కలు తక్కువ, కాబట్టి ఆ అంకె చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. మూల గదిలో తలలు పన్నెండు. టీచరు జీతం, ఆయా జీతం, డాక్టరమ్మ రాకపోకలు, పిల్లలను తెచ్చేవాళ్లకు దారిఖర్చులు అన్నీ ఆ పన్నెండుతోనే భాగించాలి. వందమందికి వండినా ఇద్దరికి వండినా పొయ్యి వెలిగించక తప్పదు గదా. రెండు అంకెలు పక్కపక్కన పెడితే చూసేవాడి కళ్లు తిరుగుతాయి. నా కళ్లూ తిరిగాయి. "నీ గదిల ఒక్క పిలగాని ఖర్చుతోటి నేను ఒక బెంచీని మొత్తం సదివిస్త" అని ఫ్యాను పోయిన బాధలో ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. ఆమె నవ్వి, మా బెంచీలు బాగున్నాయన్నది.

మార్చిలో జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మూల గదిలో తలసరి ఖర్చు ఎక్కువ ఉంది, హాజరు పడిపోతోంది, దాన్ని జిల్లా కేంద్రంలోని పెద్ద కేంద్రంలో కలిపేస్తే ఎలా ఉంటుందో చూడడానికి ఒక అధికారి వస్తున్నారు. పేరు విఠల్ రావు. హాజరు బాగుంటే గది ఉంటుంది, లేకపోతే డాక్టరమ్మ గురువారాలు పెద్ద కేంద్రానికి పోతాయి. అక్కడికి వెళ్లాలంటే గంగమణి రెండు బస్సులు మారాలి. ఏడేళ్ల పిల్లవాణ్ణి చంకన వేసుకుని, అరవై దాటిన మనిషి, వారం వారం. అది ఆమె వల్ల కాదని అందరికీ తెలుసు. పోకపోతే బిట్టు కాళ్లు ఏమవుతాయో కూడా తెలుసు.

ఏ రోజు రమ్మంటారని అధికారి వనజనే అడిగాడు. మంచి మనిషే. ఆమె క్యాలెండర్ చూసి ఏప్రిల్ రెండో గురువారం చెప్పింది. పుట్టి పెరిగింది ఈ ఊళ్లో, చుట్టూ వరి పొలాలు, అయినా తెలివైనవాళ్లే ఇలాంటి పొరపాట్లు చేస్తారు. గురువారం డాక్టరమ్మ వస్తుందని మాత్రమే ఆలోచించింది. యాసంగి పంట కోసి వడ్లు ఆరబోసే రోజుల్లో ఇక్కడ పెళ్లి ముహూర్తం పెట్టుకున్నా చుట్టాలు రారన్న సంగతి మరిచిపోయింది.

కోతలు మొదలయ్యాక బిట్టు మూడు వారాలు రాలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆగిపోయారు. వనజ ఫోన్ చేసి గంగమణిని తిట్టింది. ఆమె తిట్టడం నేను వినడం అదే మొదటిసారి. "గా పోరని కాళ్లు మల్ల బిగుసుకుపోతే ఎవలు జవాబు చెప్తరు అవ్వా? వడ్లు మళ్లొచ్చే పంటకొస్తయి, కాళ్లొస్తయా?" అన్నది. అవతల నుంచి ఏం వినబడిందో తెలియదు. తర్వాత మిగతా ఇళ్లకూ ఫోన్ చేసింది. చివరికి అధికారి వచ్చే గురువారం నాడు అందరూ వస్తామని ఒప్పుకున్నారు.

బుధవారం సాయంత్రం మబ్బు పట్టింది.

గురువారం పొద్దున ఒంటిపూట బడి గంట కొట్టేసరికి విఠల్ రావు వచ్చాడు. బూట్లు తళతళలాడుతున్నాయి. గదిలో అద్దం ఉంది, టైరు ఉంది, వడ్ల తొట్టి ఉంది, నా ఫ్యాను తిరుగుతోంది. సమ్మవ్వ ఒక మూల, సౌజన్య ఒక మూల నిలబడ్డారు. పిల్లలు లేరు.

"పిల్లలేరమ్మా?" అన్నాడాయన.

"వడ్ల కాడున్నరు సార్" అన్నది వనజ.

"అందరూనా?"

"అందరూ సార్. మబ్బు పట్టింది గద, ఇంట్ల ఒక్కలు గూడ ఖాళీగ లేరు." ఆమె ముఖం చూడలేక నేను ఫ్యాను వైపు చూశాను.

ఆయన నిట్టూర్చి నా వైపు తిరిగాడు. "ఖర్చు ఇంతుంది. హాజరు సున్నా. మీరు లెక్కల మాస్టారట గదా, తలసరి ఎంత పడుతుందో మీరే చెప్పండి."

"సున్నతోటి భాగించరాదు సార్. ఏడో తరగతి పాఠమది" అన్నాను.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, అది కూడా చప్పుడు చేయని ఫ్యాను. నాకు ఒకసారి నోరు లేచిందంటే ఆగదు. "సార్, కాలువ మొదట్ల మడికి, ఆఖరి మడికి ఒక్కతీరు నీళ్లిడిస్తే పారుతయా? ఆఖరి మడికి ఎక్కువసేపు ఇడవాలె. ఆ మడి ఎక్కువ తాగుతుందని దాన్ని బీడు పెడ్తమా?" అన్నాను. ఫ్యాను పోయిందని రెండేళ్లు ఏడ్చిన నేనే ఈ మాటన్నాను. సమ్మవ్వ నన్ను ఎన్నడూ చూడనట్టు చూసింది.

"మీరు హెడ్మాస్టరా, రైతా?" అన్నాడు విఠల్ రావు.

"రెండూ సార్. రెండిట్ల నష్టమే."

ఆయన నవ్వాడు గాని, నవ్వుతో పని జరగదు కదా. సంచి సర్దుకుని లేచాడు. వనజ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడామె మెల్లగా, "మీ బండి బాగుంది సార్" అన్నది.

పాపం ఆయనకేం తెలుసు, బయటి ఊరివాడు. "ఆఁ, కొత్తదే. ఆఫీసు వాళ్లు కిరాయికి పెట్టారు" అన్నాడు.

"ఎత్తుగ కూడ ఉంది. మట్టి రోడ్ల మీద మంచిగ పోతుండొచ్చు."

"పోతుంది. ఎక్కడికైనా పోతుంది."

పావుగంట తర్వాత ఆ బండి పెద్ద కొడప్‌గల్ దారిలో పోతోంది. ముందు సీట్లో విఠల్ రావు, వెనక వనజ, సౌజన్య, నేను. తాను ఎప్పుడు ఒప్పుకున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి ఆయన దారంతా ప్రయత్నిస్తున్నట్టు కనిపించాడు. ఆ బాధ నాకు తెలుసు గనుక పలకరించలేదు.

గంగమణి ఊరి బయట, వడ్లు కొనే కేంద్రం పక్కన పెద్ద మైదానం ఉంది. అక్కడ ఎవరి రాశి వాళ్లు పలుచగా పరిచి ఆరబెట్టారు. తేమ తగ్గితేగాని వడ్లు కొనరు. తగ్గాలంటే గంటగంటకూ వడ్లు తిప్పాలి. దానికిక్కడ పారలు, పలుగులు ఏమీ వాడరు. మనిషి వడ్లలోకి దిగి, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాడు. చాళ్లు పడి కింది వడ్లు పైకి వస్తాయి. ఇది చిన్నప్పుడు నేనూ చేసిన పనే. అయినా బండి దిగి చూసేదాకా నాకు తట్టలేదు, వనజకు తట్టలేదు, డాక్టరమ్మకు అసలే తట్టలేదు.

గంగమణి వడ్లలో నడుస్తోంది. ఆమె కొంగు చివర రెండు చేతులతో పట్టుకుని, పాదాలు ఈడ్చుకుంటూ, ఆమె వెనకే బిట్టు నడుస్తున్నాడు. గొట్టాలు లేవు. ముసలమ్మవి రెండు చాళ్లు, వాటి పక్కనే వాడివి రెండు చాళ్లు. వాడివి కాస్త వంకర, కానీ లోతుగా ఉన్నాయి.

సౌజన్య చేతిలోని సంచి కింద పెట్టేసింది. విఠల్ రావు ముందుకు అడుగు వేయబోయాడు.

"ఆగు నాయినా, సెప్పులిడిసి రా. వడ్లంటే లచ్చిమి" అన్నది గంగమణి, వచ్చింది ఎవరో తెలియక. ఆయన వంగి ఆ తళతళలాడే బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, వడ్లలోకి దిగాడు. ఎండిన వడ్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో ఆయన ముఖంలో కనబడింది.

"వీణ్ణి మూడు వారాలు ఎందుకు తీస్కరాలేదు అవ్వా?" అనడిగాడు.

"పంట ఇడిసిపెట్టి ఎట్లొస్త సారూ? టీచరమ్మ తిట్టింది. నిజమే, నాదే తప్పు. ఇగ వీడేమో నేను వడ్లల్ల దిగుడు సూసి తను గూడ దిగిండు. వద్దంటే ఏడుస్తుండు. ఆ గదిల గిట్లనే వడ్లున్నయి గద, ఇది గూడ ఆ ఆటే అనుకుంటుండు. పొద్దుందాంక నా కొంగిడుస్తలేడు." అని, తప్పు కప్పిపుచ్చుకోవడానికన్నట్టు, "వడ్లు మాత్రం మంచిగ తిరుగుతున్నయి" అన్నది.

సౌజన్య ఆమె వైపే చూస్తూ, "మూడు వారాలు, రోజంతానా?" అన్నది. గదికి రావడం మొదలయ్యాక ఇంతగా వాడి కాళ్లు ఏనాడూ ఆడలేదని నాతో మెల్లగా చెప్పింది.

ఇంతలో గాలి లేచింది. పడమటి దిక్కు నల్లబడి ఒక్క ఉరుము ఉరిమింది. మైదానమంతా ఒకేసారి కదిలింది. వడ్లు తడిస్తే మళ్లీ ఆరబెట్టాలి, మొలకెత్తితే ఎవరూ కొనరు. కొడుకును కేకేస్తూ గంగమణి కుప్ప చేయడానికి పరుగెత్తింది. కొంగు బిట్టు చేతుల్లోంచి జారిపోయింది. నేను పంచె ఎగ్గట్టాను. విఠల్ రావు చేతికి ఎవరో కుప్ప మీద కప్పే పరద అంచు ఇచ్చి "గట్టిగ వట్టుకో సారూ" అన్నారు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని గాలితో కుస్తీ పడుతున్నాడు, ఒక కాలితో రాయిని దగ్గరికి లాక్కుంటూ.

వడ్ల మధ్యలో బిట్టు ఒక్కడే మిగిలిపోయాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ముఖం ఏడుపుకు వచ్చింది. సౌజన్య పరుగెత్తబోయింది. వనజ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. పిల్లవాడు అటూ ఇటూ చూశాడు, నాయనమ్మ ఎక్కడుందో చూశాడు, చేతులు రెండూ గాలిలో ఎత్తి, కుడి పాదం ఈడ్చాడు. తర్వాత ఎడమ పాదం. తర్వాత మళ్లీ కుడిది. అలా వెళ్లి వెళ్లి కుప్ప దగ్గర నాయనమ్మ మీద పడ్డాడు.

ఎన్ని అడుగులు అని మా స్టాఫంతా తర్వాత అడిగారు. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను, లెక్కపెట్టడం మరిచిపోయాను. ఏడుస్తున్నవాడికి అంకెలు ఎక్కడ గుర్తుంటాయి?

వాన కురిసినంతసేపూ బండిలో కూర్చున్నాం. విఠల్ రావు కాళ్లకు వడ్ల నూగు అంటుకుని దురద పెడుతోంది. గోక్కుంటూనే చెప్పాడు. "రూలు మార్చే అధికారం నాకు లేదమ్మా. కానీ కోతల రోజుల్లో హాజరు చూడడం సరికాదని రాస్తాను. బళ్లు తెరిచాక మళ్లీ వస్తాను. అప్పటిదాకా డాక్టరమ్మ ఇక్కడికే వస్తుంది. అప్పుడైనా పిల్లలుండాలి మరి." వనజ తలూపింది. ఆమె ఆయన గొడుగు వైపు చూస్తోందని గమనించి, నేను చప్పున వేరే మాటెత్తాను.

సెలవుల్లో ఆమె స్కూటీ మీద ఊరూరా తిరిగి పన్నెండు ఇళ్లకూ వెళ్లింది. బళ్లు తెరిచాక విఠల్ రావు మాటప్రకారం ఒక గురువారం వచ్చాడు. ఈసారి చెప్పులేసుకొచ్చాడు. గదిలో కూర్చోవడానికి చోటు లేక మా వరండాలో నా పక్కన నిలబడ్డాడు. ఈ ఏడాదికి గది ఇక్కడే ఉంటుందన్నాడు. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది. సర్కారులో అంతకు మించి ఎవరూ చెప్పలేరు.

అప్పుడు గేటు దగ్గర గంగమణి కనబడింది. చంక ఖాళీగా ఉంది. ఆమెకు ముందు, గోడ పట్టుకుని బిట్టు వస్తున్నాడు. వీపున కొత్త సంచి. గోడ అయిపోయిన చోట ఆగాడు. మూల గదికి చేరాలంటే బడి మైదానం దాటాలి. చేతులు ఎత్తాడు, పాదాలు ఈడ్చాడు, వచ్చేశాడు. వానకు తడిసిన మట్టిలో వాడి వెనక రెండు చాళ్లు పడ్డాయి. మా బడి పిల్లలు కిటికీల్లోంచి చూస్తుంటే కూర్చోమని అరవాల్సిన నేను అరవలేదు.

వనజ గుమ్మంలో నిలబడి ఉంది. వాడు వచ్చి ఆమె ముందు ఆగి, ముఖంలోకి చూశాడు. ఊళ్లో తక్కెడను, టైరును, గొట్టాన్ని మెచ్చుకున్న మనిషి, ఒక్క మాటా అనలేదు.

సమ్మవ్వకు ఆగలేదు. "ఏందమ్మా, నా నడుము ఇరిగేదాంక నడిపిచ్చినవ్. గింత మంచిగ నడిసొస్తే బాగుందని ఒక్క మాటన్న అనవా?"

"నేను బాగుందన్నదేదన్న ఈ గది ఇడిసి పోయిందా సమ్మవ్వా?" అన్నది వనజ. "వీడు ఈడ ఉండిపోవద్దు. బడికి పోవాలె."

గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వరండా దిగాను, వాడి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. తెలిసి తెలిసే అన్నాను.

"నడక బాగుందిరా బిట్టూ."

వనజ కళ్లు తుడుచుకుని నవ్వింది. "మెచ్చుకున్నరు సార్. ఇగ వాడు మీ వాడే."

గంగమణి వాడి వీపున ఉన్న సంచి తీసి నా చేతికిచ్చింది. గురువారం సాయంత్రాలు డాక్టరమ్మకు, ఆ రోజు మిగతా పొద్దంతా నాకు, తక్కిన రోజులు వాళ్ల ఊరి బడికి అని మాట్లాడుకున్నాం. సంచి భుజాన వేసుకుని, ఒకటో తరగతి గది వైపు, వాడు నడిచినంత మెల్లగానే వాడి పక్కన నడిచాను.